రత్నమ్మ తేల్చిన కల్లు కేసు

రత్నమ్మ తప్పు ఒప్పుకోవడం హుకుంపేట అవతలి ఆ కొండల్లో ఎవరూ చూసి ఎరగరు. అక్కడే పుట్టిన మనిషి, అక్కడి చిన్న ఆసుపత్రిలోనే ఇరవై ఆరేళ్లుగా స్టాఫ్ నర్సు. ఈలోగా పదకొండు మంది డాక్టర్లు వచ్చారు, వెళ్లారు. వానొస్తే సిగ్నల్ ఉండదని ఒకాయన, జలగలు పట్టుకుంటున్నాయని ఇంకొకాయన బదిలీ చేయించుకుని చక్కా పోయారు. రత్నమ్మ మాత్రం కదల్లేదు, అక్కను అప్ప అనే ఆ ఊళ్లకి రత్నప్ప అయిపోయింది. కడుపు మీద చెయ్యేసి బిడ్డ అడ్డం తిరిగిందో లేదో చెప్పేది, కనురెప్ప లాగి చూసి ఒంట్లో రక్తం ఏపాటి ఉందో చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది కూడా. తప్పినప్పుడు మాత్రం ఆ తప్పు రోగిదే. "నీకొచ్చిన జొరమే సరిగ్గా రాలేదు, నానేటి సేత్తాను?" అని కసిరేది.

పన్నెండో డాక్టరు భవాని. విజయనగరం పిల్ల, ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో. వస్తూ వస్తూ చిన్న స్కానింగ్ మిషను తెచ్చింది. అరచేతిలో పట్టే పిడి, దానికో వైరు, వైరు చివర ట్యాబు. మంచం దగ్గరే నిలబడి, రోగి పొట్ట మీద జెల్ రాసి, పిడి ఆనించి లోపలున్నదంతా చూసేస్తుంది. రత్నమ్మకు ఒళ్లు మండిపోయింది. రోగికి నోరుండగా, నర్సుకి చేతులుండగా మధ్యలో ఈ టీవీ ఏమిటట! జనం ఇంకో రకం. జెల్ చల్లగా తగిలేసరికి అదే మందనుకుని, తుడవనివ్వకుండా చొక్కా దించుకుని పోయేవాళ్లు. "నడుముక్కూడా కూసింత రాయమ్మా" అని బోర్లా తిరిగే ముసలమ్మలకు లెక్కే లేదు.

ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం పైడయ్య వచ్చాడు. కాఫీతోటలో సిల్వర్ ఓక్ చెట్టెక్కి మిరియాలు కోస్తుంటే వెదురు నిచ్చెన జారి, రెండు నిలువుల ఎత్తు నుంచి పడ్డాడు. వెంట భార్య గంగ ఉంది. అయినా మనిషి నడిచే వచ్చాడు, నవ్వుతున్నాడు కూడా. దగ్గరికి రాగానే గుప్పుమని జీలుగు కల్లు వాసన కొట్టింది.

"తాగి సెట్టెక్కావేట్రా, సచ్చినోడా!"

"లేదప్పా..." అని అతను నోరు తెరిచేలోపే రత్నమ్మ కేసు తేల్చేసింది. నాడి చూసింది, బీపీ చూసింది, పొట్ట నొక్కింది. మెత్తగానే ఉంది.

"నొప్పుందా?"

"ఏటీ లేదు. ఎడం బుజమే కూసింత లాగుతంది."

"పడితే లాగదేటి? మాత్ర ఏసుకుని తొంగో. కల్లు దిగితే సరి."

అప్పుడే లోపలికొచ్చిన భవాని "ఒక్క నిమిషం సిస్టర్" అంటూ అతని ఎడమ డొక్క మీద పిడి ఆనించింది. ట్యాబులో నల్లటి చార కనిపించింది. దాన్ని వేలితో చూపిస్తూ, రత్నమ్మకు మాత్రమే వినబడేలా చెప్పింది. "ఇది రక్తం. ప్లీహం చిట్లి కారుతోంది, భుజం లాగేది కూడా అందుకే. ఆపరేషన్ చేయకపోతే బతకడు."

ఆమె 108 బండికి ఫోన్ చేస్తుంటే, రత్నమ్మ గంగ వైపు తిరిగింది. "మరి ఆ కల్లేటే?"

"పడ్డాకే తాగించారు రత్నప్పా. దెబ్బ తగిలింది కదాని తోటోళ్లు ఆనపబుర్రతో కల్లు ముంచి రెండుసార్లు పోసారు."

నొప్పి లేకపోవడం కాదు, కల్లు దాన్ని తెలియనివ్వలేదు. రత్నమ్మకు అప్పుడర్థమైంది. తలెత్తి చూస్తే పైడయ్య అప్పుడే గేటు దాకా వెళ్లిపోయాడు. భవాని పరుగెత్తి అడ్డంపడి, పాడేరు పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఆపరేషన్ చేయించుకోవాలి అని బతిమాలుతోంది.

"రత్నప్ప ఏటీ లేదంది. నువ్వు మందు కూడా రాసీసావు, నొప్పి తగ్గిపోనాది. కడుపు కోయించుకోడానికి నానేటి ఎర్రోడినా?"

ఓపీ లైన్లో ఉన్న నలభై మందీ తలలూపారు. అందరూ రత్నమ్మ వాళ్లే, ఆమె చేత తిట్లు తిన్నవాళ్లే. ఇరవై ఆరేళ్లు కూడబెట్టిన నమ్మకం ఇప్పుడు వీడి ప్రాణం తియ్యబోతోంది. ఆమె గేటు వైపు పరుగెత్తింది.

"ఆగరా పైడయ్యా! నాను తప్పు సెప్పాను!"

పైడయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. "ఓలమ్మో! రత్నప్ప తప్పొప్పుకుందంటే నాను సచ్చిపోతన్నట్టే! గంగా, బేగి బండెక్కించవే!"

రత్నమ్మ కూడా బండెక్కింది. మలుపుల్లో అతని నాడి ఆమె వేళ్ల కింద సన్నబడుతూ వచ్చింది. ఆ వేళ్లు అప్పుడు చెప్పాయి నిజం, గంట ఆలస్యంగా. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, మధ్యమధ్య డ్రైవర్ని బండబూతులు తిట్టింది.

పాడేరులో చిట్లిన ప్లీహం తీసేశారు. మర్నాడు పొద్దున పైడయ్య కళ్లు తెరిచేసరికి ఊరు సగం మంచం చుట్టూ ఉంది.

"అప్పా, నువ్వు నిజంగా తప్పు సెప్పావా? నన్ను బండెక్కించడానికి అలగ అన్నావా?"

"రత్నప్ప తప్పు సెప్పుద్దేటి?" అంది గంగ. "నువ్వు మాట ఇనవని అలగ అంది." చుట్టూ ఉన్నవాళ్లంతా అవునవునన్నారు.

పోయిన పరువు తనంతట తానే నడిచొచ్చి మంచం పక్కన నిలబడింది. ఊరుకుంటే చాలు. రత్నమ్మ పైడయ్య మీద దుప్పటి సర్దింది.

"నిజంగానే తప్పు సెప్పానురా," అంది. "నా మాటిని ఇంటికెల్లుంటే సచ్చిపోయేవోడివి."