సేఠ్‌జీ ల్యాప్‌టాప్‌లో రెండో డ్రైవు

మనిషి మనిషికి ఆమడ దూరం జరిగి, మూతికి గుడ్డ కట్టుకున్నవాడే మర్యాదస్థుడు అనిపించుకున్న ఆ కరోనా రోజుల్లో, నలభై దాటాక, నేను జీవితంలో మొదటి ఉద్యోగం చేశాను. అందరూ ఇరవైల్లో పడే పాట్లు నేను అప్పుడు పడ్డాను కాబట్టి దీన్ని నా పడుచుకాలపు ముచ్చటగానే చదువుకోండి. (వయసు గురించి వాదించదలచినవాళ్ళు ముందు మా గల్లీలో నా గురించి విచారించుకుని రావాలి.) సూరత్‌లో మేముండేది నవాగామ్‌లో. మా ఆయన బమ్రోలి కార్ఖానాలో జాబర్, అంటే మొరాయించిన మరమగ్గాన్ని దారికి తెచ్చే మెకానిక్కు. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేసరికి దారికి తేవడానికి ఆయనకు నేను తప్ప ఎవరూ మిగల్లేదు. ఎప్పుడో చదివిన బీకాంకి, పంతం కొద్దీ నేర్చుకున్న కంప్యూటరు డిజైనింగుకి అప్పుడు విలువొచ్చింది. చీరల వ్యాపారి సేఠ్ ఒకాయన నల్లటి బరువైన ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంటికి పంపి, చీర అంచులకు డిజైన్లు గీసే పనిలో నన్ను పెట్టుకున్నాడు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పని మీదే.

సరిగ్గా పెళ్ళిళ్ళ చీరల డిజైన్లు చేస్తుండగా ల్యాప్‌టాప్ నిండిపోయింది. ఇక ఒక్క పువ్వు కూడా పట్టదని మొండికేసింది. పాతవి చెరిపేద్దామంటే సేఠ్ ఒప్పుకోడు. ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతను (పేచ్‌కస్ అంటే స్క్రూడ్రైవర్, అది ఎప్పుడూ జేబులోనే ఉంటుంది కనక నేను పెట్టిన పేరు పేచ్‌కస్ భాయ్) లోపల ఇంకో ఖాళీ జాగా ఉందనీ, అందులో రెండో ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్ళు దాచే ఇంకో డ్రైవు, పెడితే చాలనీ అన్నాడు. కానీ కరోనా వచ్చిందని మా గల్లీ మొదట్లో వెదురు బొంగులు అడ్డంగా కట్టేశారు, అతను లోపలికి రాలేడు. డ్రైవునూ చిన్న పేచ్‌కస్‌నూ బైకు మీద పంపించి, వీడియో కాల్‌లో చూపిస్తాను, మీరే బిగించండి అన్నాడు. సేఠ్ ఫోన్ చేసి, "బెన్, శామ్ తక్ డిజైన్ చాహియే. నహీ తో మై దూస్రా ఆద్మీ దేఖ్ లూంగా," అన్నాడు. పిలవడం బెన్ అనే, అంటే చెల్లెమ్మా అని; కానీ సాయంత్రానికి డిజైన్లు అందకపోతే నా కుర్చీలో ఇంకొకరు ఉంటారన్నమాట.

భయపడిన ప్రతిసారీ నేను చేసే పనే అప్పుడూ చేశాను: వాదనకు దిగాను. విప్పాక మెషిన్ చెడితే బాధ్యత ఎవరిది, తనదేనని ఫోన్‌లో రికార్డు చేసి పంపితేనే పేచ్‌కస్ ముట్టుకుంటానని సేఠ్‌తో అరగంట పోట్లాడాను. ఆయన విసిగిపోయి పంపించాడు. ఆ అరగంటలో బొంగుల దగ్గరికి వెళ్ళి, బైకు మీద వచ్చిన డ్రైవు డబ్బా తెచ్చింది మా అత్త.

ల్యాప్‌టాప్‌ను చాప మీద బోర్లించి, ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించాం. పేచ్‌కస్ మా ఆయన చేతిలో, నా ఉద్యోగం ఆ పేచ్‌కస్ కొసన. మగ్గం బోల్టులు తిప్పిన చెయ్యి కదా, మర విప్పుతుంటే నాకు చెమటలు పట్టాయి.

"జర మెల్లగ తిప్పు. గది మగ్గం గాదు."

"నువ్వు జర నోరు మూస్తే గదే మెల్లగైతది."

అడుగు మూత లేస్తూ టక్కుమంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పేచ్‌కస్ భాయ్ ముందు బ్యాటరీ తీగ ఊడదీయమన్నాడు, ఆ తర్వాత డ్రైవును ఏటవాలుగా దూర్చి, నొక్కి, మర బిగించమన్నాడు. అన్నీ అతను చెప్పినట్టే చేసి, తీగ తగిలించి, మూత వేసి, మీట నొక్కాను. లోపల ఫ్యాను గుయ్యిమంది. తెర మాత్రం నల్లగానే ఉంది. మళ్ళీ నొక్కాను. నలుపే.

ఫోన్‌లో పేచ్‌కస్ భాయ్ గొంతు తగ్గించి, "బెన్, ఆప్ నే క్యా కియా?" అన్నాడు. నేనేం చేశానా? పనికిమాలిన సరుకు పంపి నన్నంటావా అని హిందీలో మొదలుపెట్టి, కోపానికి హిందీ చాలక తెలుగులో పూర్తిచేశాను. ఇంతలో సేఠ్ కూడా కాల్‌లోకి వచ్చి చేతి గడియారం చూసుకున్నాడు. అది చూశాక నా వాదన తడబడింది. బయట ఎండ వాలుతోంది. మా ఆయన మూతను మళ్ళీ విప్పుతుంటే, పొయ్యి దగ్గర నుంచి అత్త గొంతు వినిపించింది.

"తడి ఆరకముందే పెట్టిండ్రేమో."

"ఏం తడి అత్తా?"

"పసుపు తడి. ఏంది గట్ల జూస్తవ్? కొత్త సామాను పసుపు లేకుంట మిషన్ల పెడ్తరా? పండ్ల చక్రానికి పండ్లకే రాస్తం గద. దీనిక్కూడ పండ్లున్నయి, దానికే రాసిన."

మగ్గాల ఇళ్ళలో ఆ ఆచారం నాకూ తెలుసు. మగ్గానికి కొత్త పళ్ళ చక్రం వస్తే పళ్ళ వరసకు పసుపు రాయనిదే ఎక్కించరు. డబ్బా తెచ్చినప్పుడే, డ్రైవు కొసన ల్యాప్‌టాప్‌కు తగిలే బంగారు రంగు పళ్ళకు ఆమె తడి పసుపు పూసింది. బంగారంలో పసుపు కలిసిపోయి మాకెవరికీ కనిపించలేదు. ఆఫీసులో ఎవరికీ తెలియకుండా ఎలా కప్పిపుచ్చాలా అని ఆలోచించేలోపే అత్త ఫోన్ ముందుకు వచ్చి, పసుపు అంటిన వేలు చూపించి, "హళదర్, భాయ్, హళదర్," అంది.  అటువైపు పేచ్‌కస్ భాయ్ నవ్వు ఆపుకుంటూ, "మా ఆఫీసు మెషిన్లకు కూడా చాంద్లో పెడతాం బా, కానీ పైన," అన్నాడు. (చాంద్లో అంటే బొట్టు, బా అంటే అమ్మ.) సేఠ్ మాత్రం, "బెన్, శామ్ తక్," అని పెట్టేశాడు.

వాకిట్లో శానిటైజర్ సీసా ఉంది. అందులో ముంచిన దూదితో పళ్ళు తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ పెట్టాం. ఈసారి తెర వెలిగింది. పేచ్‌కస్ భాయ్ ఇంకేవో రెండు మీటలు నొక్కించాక కొత్త డ్రైవు కనిపించింది. మిగిలిన అంచులు పూర్తిచేసి, దీపాలు పెట్టే వేళకు పంపేశాను. సేఠ్ నుంచి ఒక్క మాట వచ్చింది: "కల్ సే దుపట్టా శురూ కరో." రేపటి నుంచి దుపట్టాలు. అంటే, రేపు కూడా నాకు పని ఉంది.

నేనేమీ అనలేదు. ల్యాప్‌టాప్ మూసి గోడకు ఆనుకుని కూర్చున్నాను. అన్నం తిందువు రా అంటే పలకలేదు. అత్త పసుపు గురించి నేను ఒక్క మాటైనా అనకపోవడంతో ఇంట్లో భయం మొదలైంది. మా ఆయన వచ్చి నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఏంది, నోరు లేస్తలేదు? వాసన తెలుస్తుందా?"

"అయ్యో, దీనికి గా రోగం అంటుకున్నట్టుందిరా," అని అత్త నీళ్ళు మరిగించి నా ముందు పెట్టి, తల మీదుగా దుప్పటి కప్పేసింది. నాకేం కాలేదని వాదించవచ్చు. ఇంకెప్పుడైనా అయితే వాదించేదాన్నే. ఆ పూట ఆవిరి మీదకు వంగి, దుప్పటి చీకట్లో హాయిగా, తనివితీరా ఏడ్చింది ఆ గయ్యాళి, అంటే అప్పటి నేను. తలుచుకుంటే ఇప్పుడు నాకు ఆమె మీద ముద్దొస్తుంది. దుప్పటి తీశాక తడిసిన మొహం చూసి, మందు బాగా పనిచేసిందని వాళ్ళిద్దరూ ఎంత సంతోషపడ్డారో.