మూడో చార

మా పెద్దమ్మను బ్యారక్ గేటు ఎదుటి వీధిలో అందరూ చారలమ్మ అనేవారు. సిపాయిల మచ్చల యూనిఫారాల మీద హోదా చారలు కుట్టడం ఆమె పని. అంత మొండి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పెరేడ్ దుస్తులకైతే బంగారు దారం వాడేది. మచ్చల చొక్కా తెస్తే మాత్రం మెరిసేది ఏదీ సూది దగ్గరికి రానిచ్చేది కాదు. నల్లదారం చారలను గుమ్మంలో ఎండకు పట్టి చూసి, కాస్త తళుక్కుమన్నా పక్కన పడేసేది.

"నువ్వు పోయేది పెళ్ళికా? అడవిలో మెరిస్తే తూటా నిన్నే వెతుక్కుంటూ వస్తుంది," అని పెద్ద మీసాలవాళ్ళను కూడా కసిరేది.

ఆమెకు ఇంకో పట్టుదల ఉండేది. ప్రమోషన్ ఉత్తర్వు పెరేడ్‌లో చదివితే తప్ప కొత్త చార కుట్టేది కాదు. రాని హోదా తగిలించుకుంటే గేటు దగ్గరే పట్టుకుని లోపల వేస్తారు. కుట్టినవాళ్ళ దుకాణం మూయిస్తారు.

ఆమె కొడుకు, అంటే మా అన్నయ్య, రెండు చారలవాడు. సెలవు ముగిసి సరిహద్దుకు బయల్దేరాల్సిన రోజు పొద్దున్నే కొత్త చొక్కా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మూడోది ఖాయమైందమ్మా, చదవడమే మిగిలింది. కుట్టెయ్యి, నాన్న ఒక్కసారి చూస్తాడు. చూపించి విప్పేస్తాను."

పెదనాన్న ఊపిరితిత్తులు పాడై లోపలి గదిలో మంచం పట్టి ఉన్నాడు. కొడుకు మళ్ళీ వచ్చేదాకా ఉంటాడన్న ఆశ డాక్టరుకే లేదు.

"విప్పుతావా, నువ్వా? నీ సంగతి నాకు తెలీదూ! అదే వేసుకుని ఊరేగుతూ పోతావు."

"కుట్టవే, నీ సొమ్మేం పోయింది!" అని పెదనాన్న దగ్గుతూనే లోపలినుంచి అరిచాడు.

"చదవనీ, అప్పుడు కుడతా," అని ఆమె మిషన్ మీద గుడ్డ కప్పేసింది. నాకు ఒళ్ళు మండింది. కన్నకొడుకు దగ్గర కూడానా ఈ చాదస్తం? అన్నయ్య మాత్రం నవ్వేసి, పాత చొక్కాలోనే వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమే వాడి జట్టును సరిహద్దుకు వెళ్ళే లారీ ఎక్కించారు. దారిలో మందుపాతర పేలింది.

రెండు రోజులకు ఆఫీసువాళ్ళు ఒక చొక్కా పట్టుకొచ్చారు. ఉత్తర్వు చదివారట. శవానికి తొడగాలి, వేరే దర్జీ చేత కుట్టిస్తామన్నారు. పెద్దమ్మ వాళ్ళ చేతుల్లోంచి లాక్కుంది. భుజానికీ మోచేతికీ మధ్య టేపు పెట్టి కొలిచి, రెండు చేతులకూ సమానంగా మూడేసి చారలు కుట్టింది. ఆమె కంట చుక్క నీరు రాలేదు. ఆ మిషన్ చప్పుడు వినలేక నేనే వీధిలోకి వెళ్ళి ఏడ్చాను.

పెదనాన్నను మంచంతో సహా మోసుకొచ్చి శవపెట్టె పక్కన దించాం. ఆయన చెయ్యి చాచి చారలు తడిమాడు. పెద్దమ్మ వైపు చూడలేదు.

అందరూ వెళ్ళాక ఆమె నన్ను దగ్గరికి పిలిచింది.

"ఆ రోజు కుట్టేసి ఉంటే, వాడు అదే వేసుకుని వెళ్ళేవాడు కదూ?"

"వెళ్ళేవాడే," అన్నాను. అన్నయ్యకు ఆ సరదా ఉందని ఇద్దరికీ తెలుసు.

"గేటు దగ్గర పట్టుకుని లోపలేసేవాళ్ళు," అంది పెద్దమ్మ. "ఆ లారీ ఎక్కేవాడు కాదు."