రంగం వీధిలో కొంగుముడి

మా బావకి బారువ దగ్గర కొబ్బరితోటలుండేవి, చుట్టుపక్కల ఊళ్లలో మాట చెల్లేది. అంతకు మించి ఆయనలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. భజన కూటానికి వచ్చేవాడు. నామం నడుస్తుంటే కునికేవాడు. ప్రసాదం పంచే వేళకి మాత్రం అందరికంటే ముందు చెయ్యి చాపేవాడు. అలాంటి మనిషికి ఒక ఏడు రంగం చూడాలని బుద్ధి పుట్టింది. రంగూన్‌ని మా వైపు రంగం అంటాం. మా ఊళ్ల వాళ్లు కూలికోసం స్టీమరెక్కి అక్కడికి పోతుండేవారు. తాను పోయేది కూలికి కాదు, ఊరు చూడ్డానికని బావ టెక్కలి సంత దాకా చాటుకున్నాడు.

మా అక్కని కూడా తీసుకెళ్తానన్నాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి అక్కకి ఎడమకన్ను పోయింది. ఆ పక్క నుంచి ఏది వచ్చినా తెలీదు. అందుకని మా అమ్మ నన్ను తోడు పంపింది. "దాన్ని ఎక్కడా ఒదలకు" అని ఒక్కమాటే చెప్పింది.

రంగంలో దిగి, సత్రంలో మూటలు పెట్టాక బావ తన తెలివి బయటికి తీశాడు. పూరీ రథయాత్రకి పోయే మావాళ్లు జనంలో తప్పిపోకుండా ఒకరి ఉత్తరీయానికి ఇంకొకరి కొంగు ముడేసుకుని నడుస్తారు. ఆ ముడిని వేసినవాడే విప్పాలి, అదీ బసకి చేరాకే. మొగుడు వేసిన ముడిని పెళ్లాం విప్పితే మొగుడికి కీడని మా ఆడవాళ్ల భయం. బావ ఉత్తరీయాన్ని నడుముకి బిగించి, దాని చివరని అక్క కొంగుకి ముడేశాడు.

"ఏటి బావా ఇది? సెయ్యి పట్టుకుంటే సరిపోదా?" అన్నాను.

"నడీధిలో ఆడదాని సెయ్యి పట్టుకుంటానేట్రా? సూసినోళ్లు ఏటనుకుంటారు?"

సూసినోళ్లంట! ఆ మహానగరంలో ఆయన్ని ఎరిగిన కుక్క కూడా లేదు.

మా భజన గోష్ఠిలో శరణాగతి గురించి చెప్పేటప్పుడు గురువుగారు రెండు జంతువుల్ని చూపేవారు. పిల్లి తన కూనని నోట కరుచుకుని పోతుంది. కోతిపిల్ల తల్లి పొట్టని తానే కరుచుకుంటుంది. దేవుడు మనల్ని పిల్లిలాగే మోస్తాడని మా నమ్మకం. ఏ దారి చూసినా ఒంటికి ఒళ్లు తగిలే ఉంటుంది. మధ్యలో గుడ్డపేలిక పెట్టి కాపాడే జంతువు ఏ శాస్త్రంలోనూ లేదు. ఆ లేని జంతువు వెనకే మేం బయల్దేరాం.

దారిలో లాగుడుబండి దగ్గర నిలబడ్డ ఒకడు మమ్మల్ని చూసి పగలబడి నవ్వాడు. యాస చూస్తే నౌపడ వైపు వాడు.

"ఎవుళ్రా ఈళ్లు? సంతకి గొడ్డుని తోల్తన్నట్టు కట్టుకెల్తన్నారు!"

బావ వినపడనట్టు ఛాతీ విరిచాడు. అక్క తల దించుకుంది.

పెద్దవీధి మధ్యలో ట్రాము పట్టాలున్నాయి. బావ తన తోటలో నడిచినట్టు అటూ ఇటూ చూడకుండా దాటేశాడు. వెనకే అక్క పట్టాల మీదికి వచ్చింది. ట్రాము ఎడమవైపు నుంచే వచ్చింది. గంట వినిపించింది గాని ఎటు నుంచో ఆమెకి తెలీలేదు. బెదిరి వెనక్కి అడుగేసింది. కొంగు బిగుసుకుంది. నేను ఇవతల నుంచి ఆమె భుజాలు పట్టుకున్నాను. అవతల నుంచి బావ లాగుతున్నాడు.

"ముడి ఇప్పీ అక్కా!"

"ఇప్పకే! నువ్వు ఇప్పితే నాను సచ్చిపోతానే!" అని బావ కేక.

చక్రాలు పెళ్లాం మీదికి వస్తున్నాయి, ఆయన తన ప్రాణం గురించి అరుస్తున్నాడు. అక్క ఉన్న ఒక్క కన్నుతో ఆయన వైపు చూసింది. ముడి ఊడదీసింది. నేను "నారాయణా" అంటూ ఆమెని ఇవతలికి లాగాను. ఉత్తరీయం చివర చక్రం కింద పడి తెగింది.

ట్రాము పోయాక బావ మొదట ఆ గుడ్డముక్కని ఏరుకున్నాడు. తర్వాత అక్క మీద విరుచుకుపడ్డాడు.

"ఎంత సెప్పినా ఇనకుండా ఇప్పేసేవు!"

"ఇప్పేను. నువ్వు సావనేదు గదా," అంది అక్క.

మర్నాడు పొద్దున్న ఆయన మళ్లీ ఇంకో కండువా పట్టుకొచ్చాడు. అక్క ఎడమచెయ్యి చాపింది. "ఒస్తే ఇది పట్టుకునొచ్చీ. నేకపోతే తమ్ముడుతో ఎల్తాను."

పట్టుకున్నాడు, బతికున్న పీతని పట్టుకున్నట్టు. బంగారు పగోడా, బజార్లు, రేవు అన్నీ అలాగే తిరిగాం. ఆఖరికి సత్రంలో దిగిన కొత్తవాళ్లకి, పరదేశంలో ఆడవాళ్లని చెయ్యి వదలకుండా తిప్పాలని ఆయనే ఉపదేశం మొదలెట్టాడు. పురాణ కాలక్షేపంలో ఏనాడూ చెవి ఒగ్గనివాడు సొంతంగా ఓ పురాణం చెప్పుకుంటున్నాడు.

తిరుగు ప్రయాణంలో బారువ దగ్గర స్టీమరు లోతునీళ్లలో ఆగింది. అలలు దాటించే నాటుపడవలో ఒడ్డుకి వస్తున్నాం. పడవ ఎగిరెగిరి పడుతోంది. ఇసకలో ఎదురుచూస్తున్న మా ఊరివాళ్లు కనిపించారు. వాళ్లని చూడగానే బావ అక్క చెయ్యి వదిలేశాడు, మీసం దిద్దుకున్నాడు, లేచి నిలబడ్డాడు. ఎడమ నుంచి అల వచ్చి పడవని కొట్టింది. నేను అక్కని రెండు చేతులా పట్టుకున్నాను. బావ పట్టుకోడానికేమీ లేక నీళ్లలో పడి, ఇసక ఉమ్ముకుంటూ మోకాళ్ల మీద ఒడ్డుకి పాకాడు.

ఊరివాళ్ల ముందు ఆ కోపమంతా అక్క మీదే చూపబోయాడు. అక్క చీర కుచ్చెళ్లు పిండుకుంటూ అంది:

"ఈసారి నానేటీ ఇప్పనేదు మావా. నువ్వే ఒదిలీసేవు."