రవణత్త పాత డాసు

మా మేనత్త వెంకటరమణమ్మకి ఇష్టం లేని పనిని ఆ బ్రహ్మదేవుడు కూడా ఆవిడ చేత చేయించలేడు. కొత్తపేటలో లెక్కల టీచరు. మాకు రవణత్త. పలివెలలో మా తాతగారు శ్రీరామమూర్తి సిద్ధాంతిగారి పంచాంగం ఆవిడే లేకపోతే ఎప్పుడో ఆగిపోయేది. తాతగారికి చూపు మందగించాక, ఆయన గణితమంతా ఏడాదిపాటు కూర్చుని కంప్యూటరు ప్రోగ్రాముగా రాసింది. ఆ కంప్యూటరు మా నాన్న జగన్మోహనరావు హైదరాబాదు నుంచి తెచ్చి ఇచ్చిందే. ఆ సంగతి ఆయన ఎవరినీ మర్చిపోనివ్వలేదు.

ఎనభై తొమ్మిది దసరాకి నాన్న ఒక హార్డ్ డిస్కు, కంప్యూటరుని నడిపించే డాసులో కొత్త రకం పట్టుకొచ్చి, ఎవరినీ అడక్కుండానే బిగించేశాడు. సాయంత్రం అత్త తన ప్రోగ్రాము తెరిస్తే మెమరీ చాలదంది. కొత్త డాసే సగం చోటు మింగేస్తే ఇంకేం మిగులుతుంది? కార్తీకం దాటకుండా పంచాంగం ప్రెస్సుకి చేరాలి. లేకపోతే ఉగాదికి అందదు.

"అది వదిలెయ్యక్కా. రెడీమేడ్ ప్రోగ్రాం తెచ్చేను. మీట నొక్కితే ఏడాది తిథులన్నీ వచ్చేస్తాయి" అన్నాడు నాన్న.

నొక్కింది. వచ్చాయి. కానీ అది ఆకాశంలో గ్రహాల్ని చూసి కట్టే దృగ్గణితం, తాతగారిది పాత గ్రంథాల ప్రకారం కట్టే పూర్వ సిద్ధాంతం. ఒక ఏకాదశి ఏకంగా మర్నాటికి జరిగిపోయింది. తాతగారు విని ఊరుకున్నారు.

"నాన్నగారే ఊరుకున్నారు, కందకి లేని దురద కత్తిపీటకెందుకు? పేరు ఆయనదే వేస్తాం కదా. లెక్క ఎవరిదైతేనేం?" అన్నాడు నాన్న.

అత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్ జగ్గా, ఆకాశంలో గ్రహం ఎక్కడుందో నీ ప్రోగ్రామే సరిగ్గా చెబుతుందేమో, కాదన్ను. కానీ నాన్నగారి పేరు కింద ఊరూ పేరూ లేని లెక్క వెయ్యనివ్వను. మార్చాల్సొస్తే ఆయన్నడిగి నేనే మారుస్తాను. పాత డాసు ఎక్కించు."

"ముందుకెళ్ళేక ఎవరైనా వెనక్కొస్తారా?" అంటూ నాన్న పడక్కుర్చీలో వాలాడు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అత్త తనే ఎక్కిద్దామని పాత డాసు ఉన్న ఫ్లాపీ కోసం చూస్తే అది దేవుడి గదిలో ఉంది. ఆయుధపూజకి నాయనమ్మ కామాక్షమ్మ దాన్ని తాతగారు లెక్కలు కట్టే గవ్వల సంచీ పక్కన పెట్టింది. ఫ్లాపీ అట్టకి ఒక సందు, అందులోంచి గోధుమరంగు బిళ్ళ కనిపిస్తుంది. బొట్టు పెట్టడానికే ఆ చోటు వదిలారనుకుని, సరిగ్గా అక్కడే తడి పసుపు రాసి కుంకుమ అద్దింది. కంప్యూటరు దాన్ని చదవలేక గరగరలాడింది. అత్త నాయనమ్మని పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు అమలాపురం బస్సెక్కింది.

అక్కడ కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్ నడిపే అప్పలరాజు తెల్లబోయాడు.

"అందరూ కొత్తదడుగుతున్నారండీ టీచరుగారూ, మీరేంటండీ..."

"పాతదుందా, లేదా?"

"ఆయ్, ఉందండి."

అది తెచ్చి, మా నాన్న కళ్ళెదుటే హార్డ్ డిస్కు మొత్తం తుడిచేసింది.

"అక్కా, అందులో నా ప్రోగ్రాం!"

"నన్నడిగి పెట్టేవా, నిన్నడిగి తియ్యడానికి?"

పాత డాసు ఎక్కింది. ప్రోగ్రాము తెరుచుకుంది. అత్త చైత్రం తిథులు చదువుతుంటే తాతగారు వేళ్ళతో తడుముతూ గవ్వలు పరిచి లెక్క చూసుకున్నారు. ఎక్కడా తేడా రాలేదు.

కొన్నాళ్ళకి ప్రెస్సు నుంచి అట్ట ప్రూఫు వచ్చింది. గణితకర్తగా ఎప్పటిలాగే తాతగారి పేరుంది.

"అది కొట్టేసి నీ పేరు రాయమ్మా" అన్నారాయన.

"మీ పేరు కోసమే కదండీ ఇంత పోట్లాడేను!"

"నా లెక్క కోసం పోట్లాడేవు. లెక్క నీ చేతికిచ్చేక పేరు ఇంకెవరికిస్తాను?"

"ఆడపిల్ల పేరుతో పంచాంగమా! ఎవరు కొంటారండీ?" అంది నాయనమ్మ.

"కొననివాణ్ణొచ్చి తప్పు చూపించమను."

అత్త పెన్ను తీసింది గానీ ఆయన పేరు కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. తాతగారే ఆ చెయ్యి పట్టుకుని కొట్టించారు.