చంద్రగిరి కోటలో నాయన విన్న కూత

దయ్యాలంటే నాకు నవ్వు తప్ప భయం ఎప్పుడూ లేదు. తిరుపతిలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. పొద్దుగూకాక చింతచెట్టు కిందికి పోవద్దని మా అత్త చెబితే, కావాలనే మోపెడ్ తీసుకెళ్లి ఆ చెట్టు కిందే పెట్టి వచ్చే మొండితనం నాది. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాస్తున్నానంటే నమ్మేశానని కాదు. నమ్మాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేకనే రాస్తున్నాను.

ఇది తొంభైల చివర్లో జరిగింది. మా నాయనది ఐరాల దగ్గర పల్లె. చెరకు పండించేవాడు, పక్కనే రైసు మిల్లు నడిపేవాడు. ఏళ్ల తరబడి ఆ మిల్లు హోరులో నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. పక్కన టపాకాయ పేలినా తెలిసేది కాదు. మాట్లాడేవాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకునేవాడు. అమ్మ పోయాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఒకసారి బజార్లో లారీ హారన్ వినపడక దాని కింద పడబోయాడు. ఆ రోజు నుంచి ఒంటరిగా రోడ్డెక్కనని మాకు మాటిచ్చాడు.

నాకు పిట్టల పిచ్చి అంటించింది ఆయనే. చిన్నప్పుడు చెరకుతోట గట్టున కూర్చోబెట్టి, కూత విని పేరు చెప్పడం నేర్పించాడు. ఉద్యోగం వచ్చాక మద్రాసులో ఒక పాత కెమెరా కొన్నాను. చెట్లు చిగురేసే రోజుల్లో సెలవు దొరికితే చాలు, నాయన్ని మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని చంద్రగిరి కోటకు పోయేదాన్ని. పిట్ట ఎక్కడుందో ఆయన చూపించేవాడు, నేను ఫొటో తీసేదాన్ని. నా కళ్లజోడు కన్నా ఆయన కళ్లే నయం.

ఒక శనివారం సాయంత్రం రాజమహల్ వెనక నడుస్తుంటే నాయన ఉన్నట్టుండి ఆగాడు. తల కాస్త పక్కకు వంచాడు.

"వంగపండు కూస్తా ఉండాది. ఇనపడలేదా మా?"

వంగపండు అంటే ఒళ్లంతా పసుపుగా, రెక్కలు నల్లగా ఉండే పిట్ట. నాకు ఏ కూతా వినపడలేదు. ఆయన చూపించిన వేపచెట్టు మీద కాకి కూడా లేదు.  చెవి పోయినవాళ్లకు తలలోనే ఏవో శబ్దాలు వస్తుంటాయని, వాదించవద్దని డాక్టరు ముందే చెప్పాడు. చెవుల తర్వాత బుద్ధి కూడా పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లాం. అదే వేపచెట్టు మీద వంగపండు కూర్చుని గొంతెత్తి కూస్తోంది. నాయనకు ఆ కూత వినపడలేదు. నేను చెయ్యి పట్టుకుని చూపిస్తే తలెత్తి చూశాడు.

వసంతంలో పిట్టలు రాక ఎక్కడికి పోతాయి అనుకుని ఊరుకున్నాను. కొన్ని వారాలకు వాగు పక్క పొదలో పొన్నంకి పిట్ట కూస్తోందన్నాడు. అది రంగురంగుల పిట్ట, వలస పోతూ మా వైపు కొన్నాళ్లు మాత్రమే దిగుతుంది. పొదంతా వెతికినా ఈక కూడా కనపడలేదు. మర్నాడు ఆయనకు చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్లాను. పొద దగ్గరికి పోకముందే దాని ఈల వినపడింది. ఆ రోజు తీసిన ఫొటో ఇప్పటికీ మా హాల్లో గోడకు ఉంది.

తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. శనివారం నాయన చెవి ఎటు తిరుగుతుందో చూసుకోవడం, ఆదివారం కెమెరాతో అక్కడ కాపు కాయడం. క్లాసులో శూన్యంలో శబ్దం ప్రయాణించదని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే టీచరమ్మ పని అది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఎండలు ముదురుతున్నాయి. ఆ శనివారం కోటగోడ కింద రాతిగుండ్ల మధ్య కూర్చుని కెమెరాలో ఫిల్ము ఎక్కిస్తున్నాను. నాయన గభాల్న లేచి నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది.

"ఏమైంది మా, అట్ల అరిచినావు?"

"నేను అరవలేదు నాయనా. నీ పక్కనే ఉన్నాను కదా."

"నువ్వే. నాయనా అని పిలిచినావు. ఆ గుండ్ల సందులో నించి." కింద లోతుగా ఉన్న సందు చూపించాడు. 

నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. ఇక అయిపోయింది, మనిషి చేయి దాటిపోతున్నాడు అనిపించింది. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "ఇంక ఆయప్పను కొండలెంబడి తిప్పొద్దు. ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్పాల?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. రేపటి నుంచి నువ్వు రావద్దని నాయనకు చెప్పాను.  ఆయన నా ముఖం చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం ఒక్కదాన్నే వెళ్లాను. వద్దనుకుంటూనే ఆ సందు దగ్గరికే పోయాను. అక్కడ ఏమీ లేదని నాకు నేను చూపించుకోవాలి. అదొక్కటే నా పట్టుదల. లోపలికి తొంగి చూడబోతే కాలి కింది రాయి కదిలింది. జారి కింద పడ్డాను. కాలు రెండు గుండ్ల మధ్య ఇరుక్కుంది. ఎముక విరిగిందని తెలుస్తూనే ఉంది. సెల్‌ఫోన్లు లేని రోజులు. ఎండ నెత్తిన పడుతోంది. చచ్చిపోతాననే అనుకున్నాను.

అరిచాను. నా నోట్లోంచి వచ్చింది "నాయనా" అనే మాటే. ఇంట్లో పడుకుని ఉన్నాడనుకున్న మనిషిని, అందులోనూ చెవిటి మనిషిని ఎందుకు పిలిచానో తెలియదు.

కాసేపటికి పైన రెండు తలలు కనిపించాయి. ఒకటి నాయనది. రెండోది ఆ కొండ మీద మేకలు కాసుకునే మునిరత్నంది. మునిరత్నం తాడుతో దిగి గుండును కాస్త కదిలించి నా కాలు విడిపించాడు. ఇద్దరూ కలిసి నన్ను పైకి లాగారు.  నాయన నా కాలికి తన తువ్వాలు చుడుతూ కూర్చున్నాడు.

మా ఆయన స్నానానికి పోయిన సమయం చూసి, నాయన నాకన్నా ముందే బస్సెక్కి వచ్చాడట. జీవితంలో మాకిచ్చిన మాట తప్పింది ఆ ఒక్కసారే.

"నాయనా, నా పిలుపు నీకెట్ల ఇనపడింది?" అని అడిగాను.

మునిరత్నమే జవాబు చెప్పాడు. "ఆయనకు యాడ ఇనపడిందమ్మా? పొద్దున్నే వచ్చి, కోటగోడ అవతల నన్ను పక్కన కూసోబెట్టుకున్నాడు. తాడు తెచ్చుకోమన్నాడు. మా బిడ్డ పిలుస్తాది అప్పా, నాకు ఇనపడదు, నువ్వు ఇని చెప్పు అన్నాడు. నువ్వు అరిచినప్పుడు అటు తిరిగి కోట సూస్తా ఉండాడు. నేనే తట్టి చెప్పినా."

నేను మళ్లీ బడికి పోయాను. మళ్లీ శబ్దం పాఠం చెప్పాను. కానీ ఒక్క ముడి ఇప్పటికీ విప్పలేకపోయాను. నాయన ఆ సందు చూపించకపోతే నేను అక్కడికి పోయేదాన్ని కాదు, పడేదాన్ని కాదు, పిలిచేదాన్ని కాదు. మరి ఆయన ముందురోజు విన్నది ఏమిటి? పిట్టల సంగతి కాకతాళీయం అని సరిపెట్టుకోగలను. ఈ ఒక్కదానికి నా దగ్గర పేరు కూడా లేదు.

ఆ తర్వాత నాయన కొన్నేళ్లు బతికాడు. పిట్టల మాట మళ్లీ ఎత్తలేదు. సాయంత్రాలు మిద్దె మీద కూర్చుని ఉన్నప్పుడు అప్పుడప్పుడూ తల పక్కకు వంచేవాడు, ఎవరో పిలిచినట్టు. తర్వాత నా వైపు చూసేవాడు. ఏం వినపడింది నాయనా అని నేను పెదాలు కదిపి ఉంటే చాలు, చెప్పేసేవాడే. కానీ రేపటి పిలుపు ఈ రోజే తెలుసుకునే ధైర్యం లేక, ఆరేసిన బట్టలు తీసుకునే నెపంతో నేను అటు తిరిగి నిలబడేదాన్ని.