బాలింత గదికి నేను కొన్న దీపం

మా పడకగదికి లైటును జగిత్యాలలో కొన్నాను. మా సిరిసిల్లలో లైట్లు దొరకక కాదు. కోరుట్ల పక్క పల్లెలో ఉండే మా అత్తగారిని తీసుకొస్తూ అక్కడ బస్సు మారాల్సి వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ ఆ పల్లెలో ఒక రోజు అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చి అన్నం తిని పోతే, మర్నాడు పోలీసులు వచ్చి వండిపెట్టిన వాళ్లను కొట్టి పోయేవారు. అలాంటి చోటికి నిండు చూలాలిని ఎవరు పంపుతారు? ఆచారాన్ని తిరగేసి, కూతురి దగ్గరికే తల్లిని తెచ్చుకున్నాం.

దుకాణాయన మూడు వెలిగించి చూపాడు. ఒకటి తెల్లటి ట్యూబు, ఒకటి నీలం జీరో బల్బు, మరొకటి లోపల చిన్న బల్బు ఉన్న పసుపు గాజు గోళం. మా అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడే మనిషి కాదు. కొంగు అడ్డం పెట్టుకుని, ఆయనతో చెబుతున్నట్టుగా నాకు చెప్పింది. "బాలింత అర్రల గంత ఎలుగు ఉండద్దు. పసిగుడ్డు కండ్లకు మంచిది కాదు."

నా లెక్క వేరు. మా ఇల్లు గల్లీకి చివర, పొలాల పక్కన. ఏ ఇంట్లో వెలుగు కనిపిస్తే ఆ తలుపే తట్టే రోజులవి. తట్టేది ఎవరైనా మనకు ఒరిగేదేమీ ఉండదు. పసుపు వెలుగైతే బయటికి అంతగా పారదు. పైగా చూడముచ్చటగా ఉంది. గోళమే కట్టించుకున్నాను. బతుకులో నేను ముందూ వెనకా చూసి ఎంచుకున్న వస్తువు అదొక్కటే. పెళ్లాన్ని కూడా పెద్దలే ఎంచారు.

మంచం తలవైపు గోడకు దాన్ని నా చేతులతో బిగించాను. కిటికీకి అట్టలు కొట్టాను. పైన ఉన్న చిన్న సందులో సాంచెల మీద మిగిలిన పాత బట్ట కూరాను. సాంచెలంటే మరమగ్గాలు. నేను వాటి మీద పనిచేసేవాణ్ణి. ఆ గదిలో పగలైనా, మాపైనా ఒకటే వెలుగు. దానికింద నా భార్య ముఖం బంగారంలా ఉండేది. ఆ మాట ఆమెతో అన్నాను కూడా.

ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. మూడో రోజు ఇంటికి తెచ్చి ఆ గదిలో పడుకోబెట్టాం. మా అత్తగారు తల్లికి ఒంటినిండా పసుపు పట్టించింది. తల్లి పసుపు బిడ్డకూ అంటింది. పాత బట్టలకు, దుప్పటికి, నా చొక్కాకు, అన్నిటికీ పసుపే. అయిదో రోజు నుంచి బిడ్డ పాలు తాగడం తగ్గించింది. ఏడవడం లేదు. ఎప్పుడు చూసినా నిద్రే. "బుద్ధిమంతురాలు. తల్లిని సతాయిస్తలేదు," అని వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నేను మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఏడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. గది చీకటైంది, ఉక్కపోసింది. నేను బిడ్డను ఎత్తుకుని గడప దాకా వచ్చాను. లోపలినుంచి మా అత్తగారు, "గాలి సోకుతది, లోపటికి తెమ్మను!" అని కూతురి మీద అరుస్తోంది. గడప దగ్గర తెల్లటి ఎండ. ఆ ఎండలో బిడ్డను మొదటిసారి చూశాను.

తుడిస్తే పోయే పసుపు కాదది. నా భార్య కొంగు తడిపి తుడిచి చూసింది. రెప్ప ఎత్తి చూశాను. కంటి తెల్లగుడ్డు కూడా పచ్చగా ఉంది. అరిచేతులు, అరికాళ్లు పచ్చగా ఉన్నాయి. మా అత్తగారు వచ్చి చూసింది. పెళ్లయిన నాటి నుంచి మొదటిసారి నా ముఖంలోకి చూస్తూ మాట్లాడింది. "పసిరికలు, కొడుకా. నా కండ్లు మన్నువడ, నేను సూడలె."

పసిరికలంటే కామెర్లు. ఆమె కాదు, నేను చూడలేదు. పచ్చటి వెలుగులో పచ్చదనం ఎవరికి కనిపిస్తుంది?

ఊళ్లోని డాక్టరు బిడ్డను వేళ్లతో నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. "చాన ఎక్కింది. కరీంనగర్ తీస్కపోవాలె. రక్తం మార్చాలంటరేమో," అన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చేటప్పటికే బజారులో షట్టర్లు దించుతున్నారు. ఎక్కడో ఎన్‌కౌంటరైందని అన్నలు బందుకు పిలుపిచ్చారు. బస్సులన్నీ డిపోలోకి పోయాయి. జీపులున్న ముగ్గురి గడపలూ తొక్కాను. బందు రోజు రోడ్డెక్కిన బండిని కాలబెడతారని ఒకడు, రోడ్డు కింది మోరీల్లో మందుపాతరలు ఉంటాయని ఒకడు తప్పుకున్నారు. మూడోవాడు తలుపే తీయలేదు. వాళ్లను తిట్టుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు. వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు.

మళ్లీ డాక్టరు దగ్గరికే పోయాను. "బస్సులు నడిచెదాక తెల్ల ట్యూబుల కింద పండవెట్టుండ్రి. ఒంటి మీద బట్ట ఉండద్దు. కండ్లకు మాత్రం బట్ట కట్టుండ్రి. ఎన్ని ట్యూబులు దొరికితే అన్ని. గంటగంటకు పాలు పట్టియ్యిండ్రి," అన్నాడు.

ట్యూబులు ఎక్కడున్నాయో నాకు తెలుసు. మా షెడ్డులో ప్రతి సాంచె మీదా ఒకటి వేలాడుతుంది. సాంచెల యజమానిని మేం ఆసామి అంటాం. నేను చెప్పింది సగం విని, స్టూలు తానే జరిపి పైకెక్కాడు. "కింద వట్టుకో, జాగ్రత్త," అంటూ ఆరు ట్యూబులు పట్టీలతో సహా విప్పి ఇచ్చాడు. మంచానికి రెండువైపులా రెండు నిచ్చెనలు నిలబెట్టి, మధ్య వెదురు కట్టి, ఆ ఆరింటినీ బిడ్డకు మూరెడు ఎత్తులో వరసగా కట్టాను. పసుపు గోళాన్ని పీకి ఆ తీగకే వీటిని కలిపాను. కరెంటు వచ్చింది. స్విచ్చి వేశాను.

వెలగలేదు. రెండు కొసలూ ఎర్రగా అయి, మినుకుమని ఆరిపోతున్నాయి. స్టార్టర్లు తిప్పాను, చోకులు తట్టాను. తప్పు వాటిది కాదు. బందైనా మా గల్లీలో తలుపులు వేసుకుని సాంచెలు నడుపుతూనే ఉంటారు. అన్ని మోటార్లు కరెంటు గుంజుతుంటే చివరి ఇంటికి వోల్టేజీ ఏం మిగులుతుంది? నా బిడ్డ మీద వెలుగు పడాలంటే గల్లీ అంతా పని ఆపాలి. నేసిన బట్టకు మీటరు లెక్కన కూలి తీసుకునే వాళ్లను పని ఆపమని ఏ ముఖంతో అడగను?

అడిగాను. మొదటి షెడ్డులో నా గొంతు ఆ చప్పుడుకు వాళ్లకు వినిపించలేదు. చేతులు జోడించి నిలబడ్డాను. ముసలాయన ఒకడు సాంచె ఆపి దగ్గరికొచ్చి విన్నాడు. "ఇంతసేపు ఏం జేసినవుర? సక్కగ అచ్చి చెప్పద్దా?" అని కసిరి, మెయిన్ స్విచ్చి దించేశాడు. ఆయనే నా ముందు నడిచి మిగతా షెడ్లు ఆపించాడు. ఒక్కో చప్పుడూ తగ్గుతూ వచ్చింది. ఇంటికి చేరేసరికి ఆరు ట్యూబులూ తెల్లగా వెలుగుతున్నాయి. వాటికింద బిడ్డ కళ్లకు గంతలతో, బట్టల్లేకుండా, పండిన నిమ్మకాయలా పడి ఉంది.

మర్నాడు పొద్దున పోలీసు జీపు వచ్చింది. ఏ బందుకూ ఆగని సాంచెలు ఈ బందుకు ఆగాయి. అన్నల మాట విని ఆపామని వాళ్లు అనుకున్నారు. "ఎవరు ఆపమన్నరు?" అని ముసలాయన కాలరు పట్టుకున్నారు. ఆయన నా పేరు చెప్పలేదు. నేనే పోయి, "నేనే ఆపించిన సార్," అన్నాను. చెంప పగిలింది. ఇంకో దెబ్బ పడేలోపు నేను కొట్టిన పోలీసు చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కుపోయాను. బతిమాలుతున్నానో పోట్లాడుతున్నానో నాకే తెలియదు. మా అత్తగారు, "బూట్లతోని పురిటింట్లకు అస్తవా!" అని అతని మీద లేచింది. అతను ట్యూబుల కింద చూశాడు. "ఎన్ని రోజులది?" అన్నాడు. ఎనిమిది అన్నాను. బయటికి పోయి జీపు ఎక్కాడు. మళ్లీ రాలేదు.

రెండు రోజులు ఆ మంచం పక్కనే కూర్చున్నాం. గంటకోసారి బిడ్డను బోర్లా, వెల్లకిలా తిప్పడం, చెంచాతో పాలు పోయడం, కంటి రెప్ప ఎత్తి చూడడం.  నా భార్య నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. దేవుడికి మొక్కలేదు. బిడ్డ పోతే నేనూ బతకనని మాత్రం గట్టిగా అనుకున్నాను.

పదో రోజు బస్సులు నడిచాయి. కరీంనగర్ డాక్టరు రక్తం పరీక్ష చేయించి, "దిగుతాంది. రక్తం మార్చుడు అవసరం లేదు," అన్నాడు. నా భార్య ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. వచ్చేటప్పుడు రెండు కిలోల జిలేబీ తెచ్చాను.

మర్నాడు పొద్దున ఇంటింటికీ తిరిగి జిలేబీ పంచి, సాంచెలు నడుపుకోండని చెప్పి వచ్చాను. నా భార్య బిడ్డను ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది. చుట్టూ పది మంది ఆడవాళ్లు. మూడు రోజులుగా చడీచప్పుడు లేని గల్లీలో అన్ని షెడ్లూ ఒక్కసారిగా మొదలయ్యాయి. మా అత్తగారు ఉలిక్కిపడింది. నేనూ ఉలిక్కిపడ్డాను. బిడ్డ కనురెప్ప కూడా కదపలేదు. "సాంచెల గల్లీల పుట్టిన పోరి గదా, గీ సప్పుడు దీనికో లెక్కనా!" అని ముసలాయన అన్నాడు. అందరం పడీపడీ నవ్వుకున్నాం.

ఏడాదిన్నర ఆ మాటే నమ్మాం. పిలిస్తే పలకకపోతే పెంకితనం అనుకున్నాం. చివరికి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పరీక్ష చేసి, పుట్టినప్పుడు కామెర్లు వచ్చాయా అని అడిగాడు. వచ్చాయన్నాం. వినికిడి అప్పుడే పోయిందన్నాడు. చప్పుడుకు ఉలిక్కిపడదని మొదట ఎప్పుడు గమనించారన్నాడు. నా భార్య తల వంచుకుంది. పదకొండో రోజున అన్నాను.

"గమనించి ఏం జేసిండ్రు?" అన్నాడు.

జిలేబీ పంచామని చెప్పలేకపోయాను.