ఉత్త నీళ్లు వెలిగిన రోజు

నాకు అక్షరాలు వచ్చింది రిటైరయ్యాక, అరవయ్యో ఏట. చిన్నప్పుడు హాలియా దగ్గర మా గొర్రెల వెంట తిరిగాను, బడి మొహం చూడలేదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పద్నాలుగేళ్లు అటెండరుగా పనిచేశాను. సీసాలు కడగడం, ద్రావణాలు అందించడం, వాటిని తిరిగి సర్దడం నా పని. లేబుళ్లు చదవలేను కాబట్టి సీసాల మెడలకు రంగు దారాలు కట్టుకునేదాన్ని. నాకు చదువు రాదని ఎవరికీ తెలియదు.

నా ఉద్యోగం చివరి ఏడాది, సూర్యాపేట నుంచి రోజూ బస్సులో వచ్చే సునీత మేడం పీహెచ్‌డీ పని మొదలుపెట్టింది. సబ్బులాంటి పదార్థాన్ని నీళ్లలో కొద్దికొద్దిగా కలుపుతూ పోతే, ఒక దశలో దాని అణువులు గుంపులు కడతాయట. ఆ గుంపు పేరు మైసెల్. అణువు తల నీళ్లను కోరుతుంది, తోకకు నీళ్లు పడవు.

"ఎండకు గొర్రెలు తలకాయలు లోపటికి పెట్టి గుంపైనట్టా మేడం?" అని అడిగాను.

"గంతే అక్కా. ఈడ తోకలు లోపటికి పెడ్తయ్."

ఆ గుంపు కంటికి కనపడదు. అందుకని ప్రోబ్ అనే పదార్థం చిటికెడు వేస్తారు. ఉత్త నీళ్లలో అది దాదాపు చీకటిగా ఉంటుంది. గుంపు లోపలికి చేరితే అతినీలలోహిత దీపం కింద వెలుగుతుంది. సబ్బు కొంచెం కొంచెం పెంచిన సీసాల వరుసలో ఏ సీసా దగ్గర వెలుగు మొదలైతే, గుంపు కట్టడం అక్కడ మొదలైనట్టు.

మూడు నెలలైనా మేడం లెక్క కుదరలేదు. పది రోజుల్లో యూనివర్సిటీకి రీడింగులు పంపకపోతే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ పోతుంది. ఒక మధ్యాహ్నం, కంటితోనే చూద్దామని సీసాలను చీకటి గదిలో వరుసగా పెట్టి దీపం వేసింది. సబ్బు కలపని మొదటి సీసా కూడా నీలంగా వెలిగింది.

"ఉత్త నీళ్లు గూడ మెరుస్తున్నయ్. ఇగ నా పని ఖతం అక్కా," అంది.

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. నా తెల్లకోటు చేతులు ఆ చీకట్లో వెన్నెల ముద్దల్లా ఉన్నాయి. మేడం చీర మాత్రం నల్లగానే ఉంది. కోటును నేను ఉతికే పౌడరులోనే, తళతళలాడాలని సీసాలనూ నానబెట్టేదాన్ని. చెబితే నా ఉద్యోగం పోవచ్చు, చెప్పకపోతే ఆమె చదువు పోతుంది.

"నా కోటు సూడుండ్రి మేడం. సీసాలు గీ పౌడర్‌తోనే తోమిన."

"పౌడర్ వాడొద్దని గోడ మీది కాగితంల తెలుగుల రాసే ఉంది గద?"

"ఉంది. నాకు సదవరాదు."

ఆమె ఒక సీసా తీసి దాని మెడకున్న దారం చూసింది. తర్వాత, "మరి సీసాల మెడలకు దారాలు గందుకేనా? దిష్టికి కట్టినవనుకున్న," అంది. ఇద్దరం నవ్వాం.

బట్టలు తెల్లగా కనపడాలని పౌడరులో మెరిసే పదార్థం కలుపుతారని ఆమె చెప్పింది. పైగా పౌడరు కూడా సబ్బు జాతిదే, సీసాలో కొంచెం మిగిలినా లెక్క తప్పుతుంది. ఆ సాయంత్రమే కొత్త సీసాలు తీసి, స్పిరిట్‌తో ఒకసారి, డిస్టిల్డ్ వాటర్‌తో ఆరుసార్లు కడిగాం. ద్రావణాలు నింపి దీపం వేస్తే మొదటి ఏడు సీసాలు చీకటి. ఎనిమిదో దాంట్లో సన్నని నీలి వెలుగు. ఆ తర్వాతవి ఒకదాన్ని మించి ఒకటి వెలిగాయి. కళ్ల ముందే నీళ్లలో సబ్బు గుంపు కట్టినట్టుంది. ఆమె రీడింగులు గడువులోపే వెళ్లాయి. నా సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

చేతికి శుభ్రమనిపించింది ఆ దీపానికి శుభ్రం కాదు. తెలియని పనిని తెలియదని మొదటి రోజే చెప్పాలి. నేను నేర్చుకున్నది ఇది.

మర్నాడు పొద్దున నల్లా తిప్పకముందే మేడాన్ని గోడ దగ్గరికి పిలిచి, ఆ కాగితం మొత్తం చదివించుకున్నాను. పౌడరు మాట నాలుగో వరుసలో ఉంది. ఆ వరుస పక్కన ఎర్ర దారం అంటించి, సీసాలు కడగడం మొదలుపెట్టాను.